నాచు రంగు కోటు

పాత వంతెనను వరద ఎత్తుకుపోయిన మూడో ఏడు అది. వానలు ముందే దిగాయి. గుడారాలు కుట్టే ఆయన కొట్లో మధ్యాహ్నానికే లైటు వేయాల్సి వచ్చింది.

గుడారాలు, వీపు సంచులు, వానకోట్లు బాగుచేయడం ఆయన పని. అమ్మకానికి నాలుగు కోట్లు కూడా తగిలిస్తాడు. ఆ వేళ బేరానికి వచ్చింది బయటివాడు కాదు, సొంత బావమరిది. బస్సు నడుపుతాడు. సెలవు దొరికితే చాలు, కాళ్ళకు చక్రాలు కట్టుకుని కొండ మీది అడవిలో పడతాడు. ఈసారి నాలుగు రోజుల నడక. ఒక్కడే.

"ఈ వానలో ఏం అడవిరా?" అంది వాడి అక్క, బల్ల మీద టీ గ్లాసులు పెడుతూ.

"వానలోనే అక్కా అడవి అడవిలా ఉండేది. ఎండాకాలం వెళ్తే అదీ బస్టాండే."

వాడు నారింజ రంగు కోటు తొడుక్కుని అద్దం ముందు ఒక చుట్టు తిరిగాడు. "ఎలా ఉన్నాను బావా?"

"ట్రాఫిక్ లైటులా."

అక్క పకపకా నవ్వింది. "పెళ్ళిచూపులు అడవిలో పెట్టారేమోనండీ వీడికి."

"మొగుడూ పెళ్ళాలు ఒక్కటైతే ఇంక నా గోడు వినేదెవరు!"

ఆయన కోటు విప్పించి లోపలి కుట్లు బల్బుకు ఎదురుగా పట్టాడు. కుట్టు మీది పట్టీ భుజం దగ్గర వేలెడంత లేచి ఉంది.

"ఇక్కడ దిగుతాయి నీళ్ళు."

"అంటించెయ్ బావా. రేపొచ్చి పట్టుకెళ్తా."

"ఈ వానకి జిగురు ఆరదు," అన్నాడు. ఆయనకు బడాయి మనుషులన్నా పడదు, బడాయి రంగులన్నా పడదు. పక్కనున్న నాచు రంగు కోటు దించాడు. బల్ల మీద కాగితం పరిచి, దానిమీద కోటు భుజం పెట్టి, గ్లాసెడు నీళ్ళు పోశాడు. పైన ఇటుక పెట్టాడు.

"ఊరికే పోస్తే ఏ బట్టయినా ఆపుతుంది. సంచి పట్టీ నొక్కినప్పుడు చూడాలి."

టీలు తాగడం అయ్యాక ఇటుక తీశాడు. కింద కాగితం పొడిగా ఉంది.

"ముసలి కప్పలా ఉంటాను బావా ఇందులో."

"కోటు ఉన్నది నీళ్ళాపడానికి. నిన్ను ఊరంతటికీ చూపించడానికి కాదు."

ఆయన నోట అంత పొడుగు మాట రావడమే అరుదు. బావమరిది నాచు రంగుదే చంకన పెట్టుకున్నాడు.

గురువారం వెళ్ళాడు. శుక్రవారం సాయంత్రం గాలి తిరిగింది. కొట్టు రేకుల మీద వాన గుప్పిళ్ళతో రాళ్ళు విసిరినట్టు పడింది.

"వాడి కోటు గట్టిదేగా?" అంది భార్య.

"గట్టిదే."

కాసేపాగి మళ్ళీ అడిగింది. మళ్ళీ అదే చెప్పాడు.

ఆదివారం మధ్యాహ్నానికి రావాల్సినవాడు పొద్దు వాలినా రాలేదు. ఫోను పలకలేదు. అడవిలో తప్పిపోయినవాళ్ళను వెతికే గాలింపు ఆఫీసుకు కబురు చేసి, సోమవారం ఇద్దరూ కొండ కిందికి వెళ్ళారు. ఆఫీసులో గోడంతా మ్యాపు, మూలన తడి బూట్ల వరస. బల్ల వెనకున్న అధికారిణి వాడి వయసు, పొడుగు, సంచి, అన్నీ రాసుకుంది.

"కోటు రంగు?"

"ఆకుపచ్చ."

పెన్ను ఆగింది. "ఎలాంటి ఆకుపచ్చ?"

"నాచు రంగు."

ఆవిడ కిటికీలోంచి బయటికి చూసింది. కొండ మొత్తం ఆ రంగులోనే ఉంది.

"పొద్దున హెలికాప్టరు ఆ లోయ మీద రెండుసార్లు తిరిగింది. పైనుంచి మనిషి కనపడడండీ. రంగు కనపడుతుంది."

"కోటు మంచిదమ్మా," అన్నాడాయన. "చుక్క దిగదు. లోపల పొడిగానే ఉంటాడు."

"అందుకే బతికి ఉండొచ్చు. కానీ ఈ చలికి మహా అయితే ఇంకో రోజు. ఈలోపు దొరకాలి కదా."

తిరుగు బస్సులో భార్య కిటికీ వైపే చూస్తూ అడిగింది.

"ఆ జిగురు వానకి నిజంగానే ఆరదా?"

ఆయన తన చేతుల వంక చూసుకున్నాడు. "ఆరుతుంది."

ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. లేచి వెళ్ళి ముందు సీట్లో కూర్చుంది.

మర్నాడు పొద్దున్నే గాలింపు జట్టు వెంట ఆయనా లోయలోకి దిగాడు. అరవై దాటిన మనిషి, వద్దన్నా వినలేదు. పసుపు చొక్కాల వాళ్ళు కేకలేసుకుంటూ, చెట్ల సందుల్లోకి చూసుకుంటూ ముందు పోయారు. ఆయన చూడటం మానేశాడు. నాచు పట్టిన ప్రతి బండనీ, తడిసి వాలిన ప్రతి పొదనీ చేత్తో తడుముకుంటూ వెనక నడిచాడు.

"ఏంటి పెద్దాయనా, అక్కడేముంది?" జట్టు నాయకుడు వెనక్కి తిరిగి అరిచాడు.

"ఆకులే," అని, పక్క పొదలోకి వంగి చెయ్యి పెట్టాడు.