పట్టాభిరామయ్య సీసా

సముద్రాన్ని నేను జీవితంలో రెండుసార్లే చూశాను. అయినా దాని రంగు చెప్పే ఉద్యోగమే చేస్తున్నాను. ఉప్పల్‌లో మా ఆఫీసుకు ఉపగ్రహం తీసిన బొమ్మలు రోజూ మధ్యాహ్నానికి వచ్చి పడతాయి. సముద్రపు నీళ్ళలో కంటికి కనపడని మొక్కలుంటాయి, ఫైటోప్లాంక్టన్ అంటారు. అవి పెరిగితే నీళ్ళు పచ్చబడతాయి. కొద్దిగా పెరిగితే చేపలకు తిండి. మితిమీరితే అవే కుళ్ళి, నీళ్ళలోని ఆక్సిజన్ అంతా లాగేసి చేపల్ని చంపుతాయి. ఆ పచ్చదనాన్ని కొలిచి, కంప్యూటర్ మోడల్‌కు అందించి, వచ్చే వారం తీరం ఎట్లా ఉంటుందో చెప్పడం నా పని. పేరు విజయశ్రీ, ఇల్లు నాచారం, కోపం ముక్కు మీదుంటుంది.

మార్చిలో పట్టాభిరామయ్య గారు ఫోన్ చేశారు. తీరంలో ఒక జాలర్ల సంఘానికి పెద్ద ఆయన. మా కోసం వారానికోసారి పడవ మీద వెళ్ళి నీళ్ళు పట్టి పంపేవారు. సంఘం వాళ్ళు సముద్రంలో వలలతో పంజరాలు కట్టుకుని పండుగప్ప చేపల్ని పెంచుతున్నారు. ఆ రోజు వాటిలో కొత్త చేపపిల్లల్ని వదలాలి. నీళ్ళు తేడాగా ఉన్నాయమ్మా, ఆపమంటారా అని అడిగారు. ముందు రాత్రి పట్టిన నీళ్ళ సీసా ఫోటో కూడా పంపారు. నేనేమో నెలాఖరు రిపోర్టుతో తల పట్టుకుని ఉన్నాను. ఫోటోను వేలితో పక్కకు తోసి మ్యాప్ చూశాను. ఒడ్డంతా నీలంగా, నిమ్మళంగా ఉంది. అది ఏటి మట్టండీ, వదలండి అన్నాను. ఎన్నిసార్లు చెప్పాలి అన్నట్టు విసుక్కున్నాను కూడా.

తొమ్మిదో రోజు పంజరాల్లో చేపపిల్లలన్నీ చచ్చి తెల్లగా తేలాయి.

సంఘం వాళ్ళు ఆయన్నే పట్టుకున్నారు. ఆఫీసే వదలమందని ఆయన చెబితే ఒక్కరూ నమ్మలేదట. ఉపగ్రహాలున్న వాళ్ళు అట్లా ఎందుకంటారు, నీ మొండితనానికి వాళ్ళ పేరు వాడుకుంటున్నావన్నారట. ముప్పై ఏళ్ళుగా ఆయన పడవ తీయమంటే తీశారు, ఆపమంటే ఆపారు. ఇప్పుడు ఆయన్ని పెద్దరికం నుంచి దించడానికి శుక్రవారం మీటింగ్ పెట్టారు. వీడియోలో మేమూ కూర్చోవాలి.

బుధవారం పొద్దున మా ఇంటికి ట్యాంకర్ వచ్చింది. రోజు విడిచి రోజు వస్తుంది. ఆ నీళ్ళను డ్రమ్ముల్లో పట్టి రెండు గంటలు కదపకుండా వదిలేస్తాం. మట్టి అడుగుకు దిగాక పై నీళ్ళు వాడుకుంటాం. డ్రమ్ముల పక్కనే స్టూలు వేసుకుని ఆ ఫోటోను మళ్ళీ తీశాను. నిజం చెప్పాలంటే, తప్పు నాది కాదని రుజువు దొరుకుతుందేమోనని తీశాను. పళ్ళు తోముకుంటున్న మా నాన్న సిద్దయ్య ఏంటది అని తొంగి చూశాడు. చెరువు కింద పొలం చేసిన మనిషి. ఆ పొలంలో ఇప్పుడు గోడౌన్లున్నాయి. సంగతంతా చెప్పి, రాత్రి పట్టిన నీళ్ళను పొద్దున ఫోటో తీసి పంపారని చెప్పాను. నాన్న ఫోన్ తీసుకుని కళ్ళ దగ్గర పెట్టుకున్నాడు.

“రాత్రంత నిలవెట్టిన్రు గద. మట్టయితే అడుగుకు దిగాలె. అడుగు సూడు, అద్దం లెక్కున్నది. పచ్చదంత మీదికి తేలింది. దీన్ని నువ్వు మట్టి అన్నవా బిడ్డా?”

రోజు విడిచి రోజు డ్రమ్ముల్లో నా కళ్ళతో నేను చూసే సంగతే అది.

ఆఫీసుకు పోయి, ప్రోగ్రాంలో రెండేళ్ళ కింద నేనే రాసిన ఒక లైను వెతికి తీశాను. ఒడ్డున పచ్చదనం ఒక హద్దు దాటి కనపడితే అది ఏరు తెచ్చిన మట్టి అనుకుని, బొమ్మలో ఆ చుక్కను తీసేసి, పక్క చుక్కల సగటుతో నింపమని అందులో ఉంది. వానాకాలంలో ఏరు పొంగినప్పుడు అది సరే. మార్చిలో ఏట్లో నీళ్ళెక్కడివి? ఆ లైను తీసి మళ్ళీ నడిపిస్తే ఒడ్డు పొడవునా పచ్చదనం పొంగి ఉంది. చేపలు చస్తాయని మోడల్ ఆ రోజే చెప్పేది. దాని నోరు నొక్కింది నేను.

మా హెడ్ కరుణాకర్ సార్‌కు చూపించాను. చెడ్డమనిషి కాదు. లేచి తలుపు వేసి వచ్చారు.

“ఆ రోజు మబ్బులున్నయి, డేటా రాలేదని సంఘానికి రాయి విజయా. జూన్ల ప్రాజెక్టు రెన్యువల్ ఉన్నది. నీ ఒక్కదాని సంగతి కాదు, ఎనిమిది మంది బతుకులు.”

ఆ ఎనిమిది మందిలో నేనూ ఉన్నాను. మబ్బుల మీదికి తోసేస్తే అవి వచ్చి కాదంటాయా? ఆ వాక్యం టైపు చేశాను, చెరిపేశాను, మళ్ళీ టైపు చేశాను. భయమేసింది. సాయంత్రం షేర్ ఆటోలో నాచారంలో దిగాల్సిన చోటు దాటి పోయి, వెనక్కి నడిచి వచ్చాను.

శుక్రవారం తెర మీద సంఘం వాళ్ళంతా కనపడ్డారు. పట్టాభిరామయ్య గారు చివరి కుర్చీలో తల దించుకుని కూర్చున్నారు. ఆ రోజు మీరేమన్నారో చెప్పండని ఒకాయన అడిగారు. కరుణాకర్ సార్ నా వైపు చూశారు. కాగితం మీద మబ్బుల వాక్యం ఉంది. దాన్ని బోర్లించాను.

“తప్పు నాది. ఆయన సీసా ఫోటో పంపి, ఆపాల్నా అని అడిగిన్రు. మట్టి అన్నది నేనే, వదలమన్నది నేనే. ఆ పచ్చదనాన్ని మా మ్యాప్‌ల కనపడకుండ జేసింది గూడ నేనే.”

కరుణాకర్ సార్ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. పట్టాభిరామయ్య గారు తలెత్తారు. తిడతారనుకున్నాను. తిడితే బాగుండుననే అనిపించింది.

“ఆ రోజు సీసా నా ఎదురుగానే ఉందమ్మా,” అన్నారాయన. “ఫోన్ చేసేముందు పచ్చగానే కనపడింది. మీరు మట్టి అన్నాక ఇంకోసారి చూశాను. మట్టిలాగే కనపడింది.”