కబురందగానే విమానం

ధనుంజయ్ పేరులో ధనమూ ఉంది, జయమూ ఉంది. మొదటిది జేబులో లేదు, రెండోది జాతకంలో లేదు. వయసు యాభై నాలుగు, ఉద్యోగం సీనియర్ అసిస్టెంటు, నోట్లో శ్లేష, గొంతులో శ్లేష్మం. భార్య రమాకుమారి ముప్ఫయ్యేళ్ళుగా రెంటినీ భరిస్తోంది.

అలాంటి మనిషికి ఓ విమానం కంపెనీ చౌకబేరంలో విశాఖపట్నం నుంచి కలకత్తాకి రానూ పోనూ టికెట్లు దొరికాయి. గురువారం పొద్దున్న దిగడం, అదే రోజు రాత్రి ఎనిమిదింటికి ఎక్కడం. "లాడ్జి లేని లగ్జరీ!" అని ఆఫీసంతా టముకు వేసి, ఒకరోజు సెలవు పెట్టి బయల్దేరాడు.

విమానాశ్రయం నుంచి హౌరా వెళ్ళే బస్సులో రమాకుమారి నెమ్మదిగా కదిపింది.

"వాట్‌గంజ్‌లో మీ పిన్నిగారింటికి ఒక్క అరగంట వెళ్ళొద్దామండీ. బాబాయిగారు మంచం మీదున్నారు కదా."

"అరగంటా! సన్యాసమ్మ పిన్ని అన్నం పెట్టకుండా వదుల్తుందా? వండటానికి రెండు గంటలు, తినడానికి గంట, బొట్టు పెట్టి బట్టలు పెట్టడానికి ఇంకో గంట. ఆవిడ పెట్టుపోతలు అయ్యేసరికి మన విమానం పోతుంది! ఊరు చూద్దామా, ఊరగాయ తిందామా?"

"తెలిస్తే బాధపడతారు."

"ఎలా తెలుస్తుంది? ఇంత జనంలో మనమెవరం? ఇక్కడ తెలుగు ఎవడికి అర్థమవుతుంది?" అన్నాడు, బస్సంతా వినబడేలా.

హౌరా వంతెన కనబడగానే "ఔరా!" అన్నాడు. "అందుకే దీనికా పేరొచ్చింది" అని కూడా అన్నాడు. బెంగాలీలు నవ్వలేదంటే అర్థముంది. రమాకుమారి కూడా నవ్వలేదు. వంతెన దాటి బస్సు దిగాక, నది మీదుగా మళ్ళీ ఇవతలికి రావడానికి ఇద్దరూ బాబూఘాట్ వెళ్ళే లాంచీ ఎక్కారు. గాలి చల్లగా తగులుతోంది. ధనుంజయ్ కిటికీ పక్కన కాళ్ళు చాపుకుని కూచున్నాడు. అప్పుడు ఫోను మోగింది. సరిగ్గా పదిన్నర.

సన్యాసమ్మ పిన్ని.

అతనికి ఫోను చెవి దగ్గర పెట్టుకునే అలవాటు లేదు. స్పీకరు మీద పెట్టి, అరచేతిలో పట్టుకుని, ఊరికంతటికీ చెబుతున్నట్టు మాట్లాడతాడు.

"ఒరే ధనుంజయా, ఎక్కడున్నావురా?"

"ఆఫీసులో పిన్నీ! ఫైళ్ళలో ములిగిపోయి ఉన్నాను. పోలిరాజు బాబాయి ఎలా ఉన్నాడు?"

"ఏటి సెప్పమంటావు. తుంటెముక ఇరిగి రెండు నెల్లయినా నేవలేకున్నాడు. పొద్దుట్నుంచీ 'ధనుంజయొచ్చీసాడా' అని ఒకటే కలవరింత. ఒకపాలి రాగలవేటి నాయనా?"

"సెలవెక్కడిది పిన్నీ! సీటులోంచి కదల్లేకపోతున్నాను. వాట్‌గంజ్ ఏమన్నా పక్కవీధా చెప్పు?"

లాంచీ బొయ్యిమని కూత పెట్టింది. ధనుంజయ్ చప్పున ఫోను కట్టేసి, భార్య వైపు చూసి కన్ను గీటాడు. రమాకుమారి నీళ్ళవైపు తిరిగిపోయింది.

"ఏటి బాబూ, మీ ఆపీసు ఇంతలాగ ఊగతందేటి?"

మాట ఎదుటి బల్ల మీంచి వచ్చింది. ముతక చీర, మెడలో కార్పొరేషను గుర్తింపు కార్డు, ఒళ్ళో అన్నం డబ్బా. అరవైకి దగ్గరపడ్డ మనిషి. ఇంతసేపూ కునికిపాట్లు పడుతోంది కదా అనుకున్నాడు.

"మీరు... తెలుగువాళ్ళా?"

"కాదు, బెంగాలీదాన్ని. మీ పిన్నిలాగే." ఆవిడ నవ్వలేదు. "నరసమ్మ నా పేరు. టికియాపారాలో ఉంటాం. మాదీ సీకాకుళమే. రోడ్లు తుడిసి బతుకుతాను. పోలిరాజన్న ఓడల డాకులో పనిసేసినన్నాళ్ళూ మా సంగానికి ఆయనే పెద్ద. ఆయన్ని నానెరగనేటి?"

ధనుంజయ్ నోట్లో శ్లేష ఇంకిపోయింది. శ్లేష్మం మాత్రం మిగిలింది. ఖళ్ళున దగ్గి, "అమ్మా, ఈ సంగతి మీరు ఆవిడకి..." అన్నాడు.

"నానెందుకు సెప్తాను? సెప్పడానికి నాకు మాత్రం సిగ్గెయ్యదేటి?"

ఒడ్డు రాగానే నరసమ్మ లేచి, అతనివైపు చూడకుండా రమాకుమారితో, "ఇక్కడ బస్సెక్కితే వాట్‌గంజ్ ఎంతోసేపు పట్టదమ్మా" అని చెప్పి దిగిపోయింది.

అయినా ధనుంజయ్ వాట్‌గంజ్ వెళ్ళలేదు. అనుకున్న ప్రకారం విక్టోరియా మెమోరియల్‌కే వెళ్ళాడు. టికెట్లు కొన్నాడు. ఎండలో ఆ పాలరాతి కట్టడం కళ్ళు చెదిరేలా ఉంది. మామూలుగా అయితే దాని మీద పాతిక చమత్కారాలు విసిరేవాడు. ఇప్పుడు ఒక్కటీ రాలేదు.

ముప్ఫయ్యేళ్ళ కిందట రైల్వే పరీక్ష రాయడానికి ఈ ఊరే వచ్చాడు. పిన్ని వాళ్ళది ఒకటే గది, అందులో ఒకటే మంచం. ఆ మంచం పన్నెండు రోజులు అతనిది. పిన్నీ బాబాయీ వరండాలో పడుకునేవారు. పరీక్ష ముందురోజు నీళ్ళు పడక విరేచనాలు పట్టుకుంటే, మర్నాడు బాబాయి డాకు పనికి నాగా పెట్టి, అతన్ని వీపు మీదేసుకుని ట్రాము దాకా మోశాడు. పరీక్ష అయ్యేదాకా గేటు బయట నిమ్మకాయ నీళ్ళ సీసా పట్టుకుని నిలబడ్డాడు. పరీక్ష తప్పినప్పుడు కూడా, "పేపరు కష్టంగా ఇచ్చేరు గావాల" అని పేపరునే తిట్టాడు.

"ఏమీ అనరేం?" అంది రమాకుమారి.

"పద" అన్నాడు ధనుంజయ్.

దార్లో కుండ రసగుల్లాలు కొన్నాడు. జేబు గుల్ల అయిందని అనాలని కూడా తోచలేదు.

వాట్‌గంజ్‌లో డాకు గోడ వెంట సందులోకి తిరిగి, మూడో గుమ్మం దగ్గర ఆగారు. సన్యాసమ్మ బియ్యం ఏరుతోంది. తలెత్తి చూసింది. చేట పక్కన పెట్టి లేచింది. గోడ గడియారం చూసింది. వేళ్ళు మడిచి లెక్కపెట్టింది.

"ఓలమ్మో! పదిన్నరకి కదరా నాను ఫోను సేసింది! ఒంటిగంటన్నర అవలేదు! కబురందగానే ఇమానం ఎక్కీసావేటి నాయనా!"

ధనుంజయ్ నోరు తెరిచాడు. ఈసారి అబద్ధం ఆడక్కర్లేకుండానే ఆడినట్టయింది. పిన్ని అప్పటికే సందులోకి పరిగెత్తి నలుగుర్ని పిలిచేసింది. రమాకుమారి నేలవైపు చూస్తూ నిలబడింది.

మంచం మీద పోలిరాజు సగానికి తగ్గిపోయి ఉన్నాడు. ఒకప్పుడు బస్తాలు ఎత్తిన చెయ్యి ధనుంజయ్ మణికట్టు పట్టుకుంటే పిల్లాడు పట్టుకున్నట్టుంది.

"ఫైళ్ళన్నీ ఒగ్గీసి ఒచ్చీసావేటిరా? మీ ఆఫీసరు కోప్పడడా? నీ ఉజ్జోగానికి ఏటీ అవదు కదా?"

"ఏమీ అవదు బాబాయీ."

"నా గురించి ఉజ్జోగం మీదకి తెచ్చుకోకు." అని, గుమ్మంలో నిలబడ్డ పక్కింటి బెంగాలీ ముసలాయన్ని పిలిచి, "దాదా, ప్లేన్‌ సే ఆయా! మేరా బేటా!" అని చెప్పాడు. ముసలాయన ధనుంజయ్‌కి రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టాడు. ఆ దణ్ణం తీసుకోవడం కంటే లాంచీ మీంచి నదిలో దూకడం సుఖంగా ఉండేది.

వంటకి రెండు గంటలు పట్టలేదు. వాళ్ళు తినబోయే అన్నమూ చేపల పులుసూ ఇద్దరికీ వడ్డించేసి, "మాకు పొద్దున్న సద్దన్నం అరగనేదు" అంది పిన్ని. బట్టలకి గంట పట్టలేదు. ట్రంకు పెట్టెలోంచి బాబాయి కోసం దాచిన కొత్త పంచె తీసి, బొట్టు పెట్టి చేతిలో పెట్టింది. పోలిరాజు అతని చెయ్యి వదలకుండానే నిద్రపోయాడు. నాలుగున్నరకి ఆ వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసుకుని లేవాల్సి వచ్చింది.

సందు చివర దాకా పిన్ని కూడా వచ్చింది. రమాకుమారి బస్సు కోసం ముందుకి వెళ్ళింది. ధనుంజయ్ ఆగాడు.

"పిన్నీ. నేను నీ ఫోనుకి రాలేదు. ఊరు చూడ్డానికని పొద్దున్నే వచ్చాను. నువ్వు ఫోను చేసినప్పుడు లాంచీ మీదున్నాను."

సన్యాసమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "హౌరా లాంచీయేనా?" అంది.

"ఊఁ."

"గాలి బాగుంటాది" అంది.

ధనుంజయ్ తిడుతుందేమోనని నిలబడ్డాడు. తిట్టాలని కోరుకున్నాడు. ఆవిడ తిట్టలేదు.

"మీ బాబాయికి మాత్రం సెప్పకురా. ఈ సందులో అందరికీ సెప్పీసుకున్నాడు."

కుళాయి దగ్గర బిందె పట్టుకుంటున్న పొరుగింటి భానుమతి అప్పుడే కేకేసింది. "అప్పుడే ఎల్లిపోతన్నాడేటి పెద్దమ్మా, ఇమానం అబ్బాయి?"

"ఎల్లాల కదే, పాపం. ఆపీసు ఒగ్గీసి, కబురందగానే లగెత్తుకొచ్చీసాడు" అంది సన్యాసమ్మ, ధనుంజయ్ వైపు చూడకుండా.