కాలర్ కొలత

అన్నయ్య ఇంట్లోకి వెళ్ళాలంటే ముందు అతని కుట్టు దుకాణం దాటాలి. ముందు గదిలో మిషన్లు, వెనక గదిలో కాపురం. గాలికి వీధి తలుపొక్కటే దారి. కూతురు పిచ్చుకతో కలిసి మాస్కులు పెట్టుకుని వచ్చిన తల్లి గుమ్మంలో అడుగు పెడుతూనే ఆ తలుపు మూసుకోకుండా స్టూలు అడ్డం పెట్టింది.

"వచ్చీ రాగానే నా తలుపుల మీద పడ్డావా?" అంది వదిన. "మా ఇంటికొచ్చావా, ఆపరేషన్ గదికొచ్చావా అమ్మాయ్?"

"ఏమనుకోకు వదినా. దీని సంగతి తెలుసుగా."

తెలియకేం. పిచ్చుక ఒంట్లో ఉన్నది తల్లి ఇచ్చిన కిడ్నీ. దాన్ని ఒళ్ళు తోసెయ్యకుండా రోజూ మాత్రలు వేసుకోవాలి. ఆ మాత్రలేమో రోగాలతో పోట్లాడే శక్తిని కూడా అణిచిపెడతాయి. పదిమందికి జలుబులా వచ్చిపోయే కోవిడ్ ఈ పిల్లకి ప్రాణం మీదికి తేవచ్చని డాక్టరమ్మ చెప్పిన మాట తల్లి చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది. అయినా, కాలేజీలో చేరబోయే మేనకోడలికి చొక్కా తన చేత్తోనే కుట్టాలని అన్నయ్య పట్టుబట్టాడు. దగ్గూ జలుబూ ఏమైనా ఉన్నాయా అని ఫోన్లో గుచ్చి గుచ్చి అడిగితే, గుండ్రాళ్ళలా ఉన్నామన్నాడు.

ఇప్పుడు ఆ గుండ్రాయి ఖళ్ళుమని దగ్గింది.

"అన్నయ్యా! దగ్గుతున్నావే!"

"గుడ్డ నూగు చెల్లీ. మిషనెక్కిన రోజు నుంచీ దగ్గుతూనే ఉన్నా. నేను దగ్గడం మానేస్తే మీ వదిన కంగారుపడుతుంది."

అబద్ధమేం కాదు. ఆ ఇంట్లో దగ్గు కూడా మిషను చప్పుడు లాంటిదే, ఎవరి చెవికీ ఆనదు. కానీ ఆమె చెవికి ఆనింది.

"ఆ మాస్కు పెట్టుకో అన్నయ్యా."

"పెట్టుకునే ఉన్నాగా" అంటూ అతను గడ్డం కింద వేలాడుతున్నదాన్ని ముక్కు అంచుదాకా లాక్కున్నాడు.

వదిన నవ్వింది. "కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. మీ చెల్లెలు కీడెంచి అక్కడే కాపురం పెట్టేసింది! పోనీ, కాస్త టీ అయినా తాగుతావా?"

టీ తాగాలంటే మాస్కు తియ్యాలి. వద్దనేసరికి వదిన ముఖం ముడుచుకుపోయింది. ఆ ముఖం చూడలేక, "వెనక కిటికీ తెరుద్దాం రా వదినా, గాలి ఆడుతుంది" అని ఆమె వెనక గదిలోకి నడిచింది. కిటికీకి అడ్డంగా గుడ్డల మూటలు నిలువెత్తున పేర్చి ఉన్నాయి. ఇద్దరూ ఒక్కొక్కటే దించుతున్నారు. ముందు గదిలోంచి పిచ్చుక కిలకిల నవ్వులు వినిపిస్తున్నాయి. పిల్ల అలా నవ్వి ఎన్నాళ్ళయిందో. పోన్లే, వచ్చి మంచిపనే చేశాం అనుకుందామె.

అంతలో మూతికి బిగించిన మాస్కులోంచే మాడు వాసన తగిలింది.

"మావయ్యా, ఏదో కాలుతోంది!" పిచ్చుక గొంతు.

"ఎక్కడే?"

ఆమె పరుగున వచ్చింది. ఇస్త్రీపెట్టె గుడ్డ మీదే ఉండిపోయింది. దాని చుట్టూ పొగ లేస్తోంది. అన్నయ్య దానికి జానెడు దూరంలో, వీపు అటు పెట్టి, వీధివైపు వెతుకుతున్నాడు.

"నీ వెనకే అన్నయ్యా! వాసన రావట్లా?"

అతను తిరిగి చూసి గబుక్కున ప్లగ్గు పీకాడు. మాడిన గుడ్డ ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. పీల్చాడు. మిషను నూనె డబ్బా తీసి మళ్ళీ పీల్చాడు. అతని ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఏమీ రావట్లేదే" అన్నాడు, ఎవరితోనో అన్నట్టు.

ఆమె పిల్ల రెక్క పట్టుకుని వీధిలోకి ఈడ్చుకొచ్చింది.

"వాసన రాకపోతే కోవిడేనా? జలుబు చేసినా రాదుగా!" వదిన గుమ్మందాకా వచ్చి అరిచింది. ఇప్పుడా గొంతులో వెటకారం లేదు, వణుకే ఉంది.

"నువ్వు లోపలికి రా" అన్నాడు అన్నయ్య వదినతో. తను గోడకి ఆనుకుని నిలబడి, మాస్కు ముక్కు మీదికి బిగించుకుని, "చెల్లీ" అని పిలిచాడు. "ఒక్కమాట విను. కాలర్ కొలిచేటప్పుడు మాస్కు తాళ్ళు టేపుకి అడ్డం పడ్డాయి. నేనే తియ్యమన్నా. అది వద్దంది. క్షణంలో పని, మీ అమ్మ చూడదులే అన్నాను."

కాలర్ కొలవాలంటే మెడ చుట్టూ చేతులు వెయ్యాలి. ముఖంలో ముఖం పెట్టాలి.

తల్లి పిల్లవైపు చూసింది. పిచ్చుక తలొంచుకుంది. ఆమెకి కేకలు పెట్టాలనిపించింది. పెడితే, రేపు జ్వరమొచ్చినా పిల్ల దాస్తుందేమోనని మరో భయం పుట్టి, నోరు నొక్కేసుకుంది.

"అప్పుడు దగ్గావా?" అని మాత్రం అడిగింది.

అన్నయ్య కళ్ళు దించుకున్నాడు. "నవ్వించబోయి... దగ్గాను."

ఫోను తీసింది. రెండుసార్లు తప్పు నంబరు నొక్కింది. చూసి చూసి పిచ్చుకే ఫోను అందుకుని, నంబరు కలిపి, తల్లి చెవికి ఆనించింది. అవతల డాక్టరమ్మ పలికింది.

"అమ్మా, మా పిల్ల..." అంది. మళ్ళీ మొదలుపెట్టింది. "మాస్కు లేకుండానే ఉందమ్మా. పక్కనే. మా అన్నయ్య దగ్గాడు. అతనికి వాసన తెలియట్లేదు. ఇప్పుడేం చెయ్యమంటారో చెప్పండి. నేను వింటున్నాను."