గంజి కొప్పెరలో మంచినీళ్ళు

సూది ఇంత పొడుగుంటుందని ఎవరూ చెప్పలేదు, స్పిరిట్ దీపం మీద కాచిన సూది తళతళమంటోంది, హెల్త్ ఇన్‌స్పెక్టర్ సౌందరరాజన్ నా ఎడమ చేతి మీద దూదితో రుద్దుతున్నాడు, చల్లగా ఉంది, ఎదురుగా ముప్పై ఇద్దరు వరసగా నిలబడి నా ముఖమే చూస్తున్నారు, ఇప్పుడు అరిచానంటే ఒక్కరు మిగలరు, కలరా సూది వేయించుకుంటే చెయ్యి పడిపోతుందని రాజపాళయమంతా పుకారు, మొదట మొదలాళి వేసుకోనీ, ఆపైనే దా మేము అని తేల్చేశారు, మొదలాళి అంటే నేనే, వెంకటరామ రాజా, ఇరవై నాలుగు మగ్గాలకూ ఒక ఆయిల్ ఇంజనుకూ యజమానిని, ముప్పై ఆరేళ్ళవాణ్ణి, సూదంటే చచ్చే భయం, ఈ చివరి సంగతి వాళ్ళకు తెలియకూడదు, సూది వైపు చూడొద్దు, గంజి కొప్పెర వైపు చూడు, దాని పక్కన వెళ్ళత్తాయి లోటా పట్టుకుని నిలబడింది, నన్నే చూస్తోంది, ఆ రోజు చూసినట్టే.

ఆ రోజు అంటే పదహారు రోజుల కిందట, అంతకు ముందే పెద్ద వాన పడి వీధి కాలవ పొర్లి షెడ్డు బావిలో కలిసింది, కళ్ళారా చూశాను, రెండు రోజుల్లో తేరుకుంటుందిలే అనుకున్నాను, పక్క ఊరు మంసాపురంలో కలరా అన్నారు, మంసాపురంలో కదా అనుకున్నాను, యుద్ధం రోజులు, పట్టాళానికి గాయాల కట్టుగుడ్డ బేళ్ళు అమావాస్యలోపు రైలెక్కాలి, నా తలలో ఆ బేళ్ళు తప్ప ఇంకేమీ లేవు, పొద్దున ఎనిమిదికి పదకొండో మగ్గం దగ్గర చెల్లప్ప కూలబడ్డాడు, వాంతులు, విరేచనాలు, గంట తిరక్కుండా కళ్ళు గుంటల్లోకి పోయాయి, బండిలో పడుకోబెట్టి ఊరిబయటి కలరా పాకకు పంపించాను, వెనక్కి తిరిగి నేనన్న మొదటి మాట ఏమిటి, ఇంజను ఆపొద్దు అన్నాను, ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది, అప్పుడు వచ్చింది వెళ్ళత్తాయి, చోళపురం నుంచి రోజూ నడిచొచ్చి నూలు చుట్టే మనిషి, యాభై ఏళ్ళుంటాయి, తొమ్మిదేళ్ళలో సెరి మొదలాళీ అన్న మాట తప్ప ఆమె నోట ఇంకో మాట వినలేదు, షెడ్డు కుండలోంచి లోటా నిండా నీళ్ళు ముంచి తెచ్చి నా మేజా మీద పెట్టింది, ఒక వాయి, ఒక్క గుక్క తాగండి మొదలాళీ అంది, ఏమే, నాకు చెంబు ఉంది కదా అన్నాను, ఉంది, అందులో ఉండేది మీ అమ్మగారు ఇంట్లో కాచి పంపిన నీళ్ళు, పది దినాలుగా చూస్తా ఉండాను, మేము తాగేది దా ఇది, ఒక వాయి తాగి మంచినీళ్ళేనని మీ నోట చెప్పండి, ఇప్పుడే పోయి రాట్నం ముందర కూచుంటాను అంది, నా చెయ్యి లోటా దాకా వెళ్ళింది, ఆగింది, కూలివాళ్ళ కుండలో మా ఇంటివాళ్ళు తాగరు, అది వాడుక, అలాగని చెప్పుకుని తప్పించుకోవచ్చు, కానీ ఆ పొద్దున నా చేతిని ఆపింది వాడుక కాదు, భయం, అది ఆమె చూసింది, షెడ్డంతా చూసింది, మా చోళపురంలో నా అక్క కూతురు పోయినాక దా బావి మూసినారు మొదలాళీ, ఇక్కడ ముందరే మూస్తే ఏమి, అంది మెల్లగా.

ఇంజను ఆపమన్నాను, బావికి మూత బిగించి అందులో కలిపే మందుపొడికి మనిషిని పంపించాను, నీళ్ళు బయటినుంచి తెప్పిస్తాం సరే, కానీ ఇంతమందికి కాచే పాత్ర ఎక్కడుంది అని నేను గొణుగుతుంటే వెళ్ళత్తాయి నవ్వింది, అంత కలవరంలోనూ నవ్వింది, ఇంత కొప్పెర ఎదురుగా పెట్టుకోని పాత్ర లేదంటారే, నూలుకు గంజి దినమూ కాస్తాము, మనుషులకు నీళ్ళు కాస్తే కొప్పెర కోపించుకుంటుందా అంది, నిజమే, పొయ్యి ఏళ్ళ తరబడి అక్కడే మండుతోంది, పడుగు తెగకూడదని కాచాను, మనుషులకు కాయాలని తోచలేదు, నా కుర్చీ వెనక గోడకు ఫ్యాక్టరీ చట్టం కాగితం ఉంది, తగిలించాలని రూలు, అద్దం బిగించి మరీ తగిలించాను, తాగడానికి తగిన నీళ్ళు చాలినంత ఇవ్వాలని తమిళంలో తేటగా రాసుంది, ఆ మధ్యాహ్నం కొప్పెర తోముతుంటే మొదటిసారి చదివాను, ఇంటికెళ్ళి అమ్మకు చెబితే అన్నం కలుపుతున్న చెయ్యి ఆపేసింది, నీకు కాచి పంపినానే, వాళ్ళకూ కాయమని చెప్పేదానికి నాకూ తోచలేదే రా అంది, గంజికి వేరే కొప్పెర దొరికేదాకా మగ్గాలు నిలిచాయి, బేళ్ళు తొమ్మిది రోజులు ఆలస్యంగా వెళ్ళాయి, తిడుతూ ఉత్తరం వచ్చింది, దాన్ని చదువుతుంటే ఎందుకో హాయిగానే ఉంది, చెల్లప్ప తర్వాత ఇంకెవరూ పడలేదు, ఒక్కరు కూడా, అయిదో రోజున చెల్లప్ప కళ్ళు తెరిచాడని, పదో రోజున ఉప్పు తక్కువైందని వంటవాణ్ణి తిట్టాడని కబురొచ్చింది, ఆ తిట్టు విని షెడ్డంతా నవ్వింది, నాకు మాత్రం కళ్ళు తడిశాయి.

అయిపోయింది మొదలాళీ అంటున్నాడు సౌందరరాజన్, అప్పుడే అయిపోయిందా, నేను అరవలేదా, అరవలేదప్పా మొదలాళి, పళ్ళు మాత్రం కొరికినాడు అని వరసలోంచి చెల్లప్ప గొంతు, కట్టెపుల్లలా ఉన్నాడు, గొంతు మాత్రం వెనకటిదే, అందరూ నవ్వుతూ చొక్కాలు పైకి లాగుతున్నారు, ఒకరొకరే ముందుకు జరుగుతున్నారు, వెళ్ళత్తాయి కొప్పెరలోంచి ముంచి లోటా తెచ్చింది, అదే లోటా, అందుకుని ఆగకుండా తాగాను, గోరువెచ్చగా ఉన్నాయి, ఎంత తోమినా అడుగున కాస్త గంజి వాసన, పదహారు రోజులుగా దాచుకున్న మాట అప్పుడు బయటికొచ్చింది, వెళ్ళత్తాయీ, ఆ దినం రోషం వచ్చి నేను లోటా ఎత్తుంటే ఏమి చేసుందువు అని అడిగాను, ఇదేమి కేళ్వి, ఇదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు చూసింది, ఎత్తనిస్తానా, తట్టి పారబోసి ఉందును, మీకు మాత్రం బిడ్డలు లేరా అంది, ఖాళీ లోటా తీసుకుని వరసలోకి పోయి నిలబడింది, చెయ్యి సలుపుతోంది, సలపనీ, నేను తాగబోతే ఆమె తట్టి పారేసేది, వాళ్ళు దినమూ తాగుతుంటే చూస్తూ కూర్చున్నవాణ్ణి నేను, అయినా ఆమె ఏమీ చెప్పకుండా ఇంటికి పోలేదు, నా ఎదుటికే వచ్చి నన్నే అడిగింది, లేచి ఆ వరస చివరిదాకా నడిచాను, లోటా ఇలా తే, తక్కిన వాళ్ళకు నేను ముంచి ఇస్తాను అన్నాను.