వినిఫ్రెడ్ కోసం కొండెక్కిన పోటు

నోలీన్ రోజూ పొద్దున ఆరున్నరకి ఆపిల్ ప్యాకింగ్ షెడ్డుకి బయల్దేరేది. తిన్నగా వెళ్తే పది నిమిషాల దారి. ఆవిడ మాత్రం కొండ దిగి, చుట్టు తిరిగి, ముసలి ఆథోల్ పడవల షెడ్డు మీదుగా వెళ్ళేది. తలుపు సందులోంచి లోపలున్న పడవని ఒకసారి చూసుకుని, హ్యూవాన్ పైన్ కొయ్య వాసన ముక్కు నిండా పీల్చుకుని, అప్పుడు పనికి పోయేది. ఇరవై ఆరేళ్ళుగా ఇదే వరస.

పడవ పేరు వినిఫ్రెడ్. ఆథోల్ వాళ్ళ నాన్న చేత్తో చేసిన తెరచాప పడవ. తేనె రంగు పలకలు, రాగి మేకులు. ఇప్పుడు ఆ చెట్టునీ కొట్టనివ్వరు, అలాంటి పడవనీ ఎవరూ చెయ్యరు. మా ఊరు పెల్హామ్ బేలో ప్లాస్టిక్ పడవల వాళ్ళు కూడా దాని దగ్గర గొంతు తగ్గించే మాట్లాడేవాళ్ళు.

ఎనభై ఏడో ఏట ఆథోల్ షెడ్డు ఖాళీ చేసి కూతురి దగ్గరికి పోతూ నోలీన్‌ని పిలిచాడు.

"సందులోంచి చూసింది చాలు గానీ, తీసుకుపో. ఊరికే ఇస్తున్నా."

"ఊరికేనా?"

"అమ్మితే ఎవడో హోటల్ వాడు కొని మధ్యకి కోసి, మీద బీరు సీసాలు పేరుస్తాడు. నీకైతే నీళ్ళలో పెట్టాలన్న యావ ఉంది."

యావ ఉంటే సరా? మా బేలో పడవ కట్టుకోవాలంటే లంగరు చోటు కావాలి. దానికో ఎదురుచూపుల జాబితా. నోలీన్ అందులో పంతొమ్మిదోది. చోటున్న వాళ్ళేమో కొడుక్కి రాసిచ్చి చస్తారు గానీ వదలరు.

మొగుడు క్లెమ్ తుంటి అరిగి ఇంట్లో కూర్చున్న మనిషి. నోరు మాత్రం అరగలేదు. "ఊరికే వస్తే ఫినాయిలైనా తాగే రకం నువ్వు! ఏనుగుని తెచ్చావు సరే, ఎక్కడ కట్టేస్తావే? నా నెత్తినా?"

నోలీన్ దాన్ని పెరట్లో బంగాళాదుంపల మడి మీద, దుంగలు ఊతం పెట్టి నిలబెట్టింది.

కొయ్య పడవ నేల మీదుంటే ఎండుతుంది. పలకలు కుంచించుకుపోయి సందులు విచ్చుకుంటాయి. నోలీన్ పని నుంచి రాగానే గోనెలు తడిపి కప్పేది, పైపుతో నీళ్ళు కొట్టేది. అయినా ఎండాకాలం పోయేసరికి సందుల్లో వేలు దూరసాగింది.

"ఎండిపోతోంది క్లెమ్," అని ఒకరోజు నిజంగానే ఏడ్చింది.

"నేనూ ఎండిపోతున్నా. టీ పెట్టు," అన్నాడు క్లెమ్.

మే నెలలో, మా వైపు చలి మొదలయ్యే వేళ, సముద్రం కొండెక్కడం మొదలుపెట్టింది. అంతా కాదు, రోడ్డు వెడల్పున ఒక పాయ. పోటు వచ్చినప్పుడల్లా పది గజాలు పైకి. బడి కంచె దాటింది, బేకరీ మెట్లు దాటింది. ఎదురింటి ఐవీ కోళ్ళగూడు పక్కకి జరుపుకుంది. బడి బస్సు వేళలు మార్చారు. పోస్టు పంచేవాడు మోకాళ్ళ దాకా బూట్లు తొడిగాడు.

"ఎక్కడిదాకా వచ్చింది?" అని బేకరీలో అడుగుతారు.

"నోలీన్ వాళ్ళ మలుపు దాకా. ఇంకో వారం పట్టచ్చు."

ఎవరి కోసం వస్తోందో అందరికీ తెలుసు మరి.

నీళ్ళు పెరట్లోకొచ్చిన రోజు వినిఫ్రెడ్ సందులన్నిటితో తాగి, నిండిపోయి, కూలబడింది.

"మునిగింది నీ మహారాణి!" అన్నాడు క్లెమ్, వంటగది మెట్టు మీంచి.

"నోర్ముయ్. దాహం తీరనీ. అదే లేస్తుంది."

మూడు రోజులకి కొయ్య ఉబ్బింది, సందులు మూసుకున్నాయి. నోలీన్ బకెట్టుతో నీళ్ళు తోడేసింది. నాలుగో రోజు పోటుకి పడవ దుంగల మీంచి మెల్లగా లేచింది. ఆ ఆదివారం తెరచాప ఎత్తి, పెరట్లోంచి బేకరీ పక్కగా బేలోకి దిగి, ఓ చుట్టు తిరిగొచ్చింది. ముఖమంతా ఉప్పు, నవ్వు. ముప్పై నాలుగేళ్ళ కాపురంలో ఆ నవ్వు తనెప్పుడూ చూడలేదని క్లెమ్ తర్వాత ఒప్పుకున్నాడు.

మంగళవారం భూముల ఆఫీసు నుంచి ఒకమ్మాయి కొలబద్ద, మేకు పట్టుకుని వచ్చింది. మర్యాదస్తురాలే, చెప్పులు బయటే విడిచింది.

"పోటు ఎక్కడిదాకా తగిలితే అక్కడిదాకా సర్కారు నేలండీ. పెరడు, వంటగది, సగం పడకగది మీవి కావిక."

"అది నా కోసం వచ్చిందమ్మా," అంది నోలీన్.

"వచ్చిందండీ, కాదనను. కానీ ఎవరి కోసం వచ్చిందని రాసే గడి మా కాగితంలో లేదు. ఇంకోటి, లంగరు చోటు లేకుండా సర్కారు నీళ్ళలో పడవ కట్టకూడదు. పద్నాలుగు రోజులు టైమిస్తున్నాం."

"పడవ పోతే?" అని అడిగాడు క్లెమ్.

"నీళ్ళూ పోతాయి కదండీ. మళ్ళీ కొలుస్తాం. అప్పుడు ఇల్లు మీదే."

క్లెమ్ ఆ రాత్రీ ఎత్తిపొడవలేదు, మర్నాడూ ఎత్తిపొడవలేదు. నీళ్ళు తగలకుండా కాళ్ళు కుర్చీ మీద పెట్టుకుని, "ఇల్లు పోతే ఈ తుంటితో నేను పడవలో పడుకోలేనే. నువ్వు పడవతో పో కావాలంటే, నిజంగానే చెప్తున్నా," అన్నాడు. అదే ఆవిణ్ణి చంపేసింది. తిట్టి ఉంటే ఆ పంతానికైనా పోయేది.

పద్నాలుగో రోజు నిండు పోటులో నోలీన్ తాడు విప్పింది. పడవ కదల్లేదు. మెట్టుకి ఒరుసుకుంటూ అక్కడే నిలబడింది. రెండు చేతులతో నెట్టింది. ఒక్క ఆటుకి పడవా సముద్రమూ కలిసే దిగిపోయాయి. పెరట్లో ఉప్పు పట్టిన మడి, కుళ్ళిన దుంపలు మిగిలాయి.

"బుద్ధిమంతురాలివి. కొయ్య ముక్క కోసం కొంప పోగొట్టుకుంటారా ఎవరైనా?" అంది ఊరంతా. నేనూ అన్నాను. సిగ్గేస్తోంది ఇప్పుడు తల్చుకుంటే.

ఆ పై వారం ఆవిడ ఒడ్డున ఆల్చిప్పలు ఏరడానికి వెళ్ళింది. నీటి అంచు దాకా వెళ్తే నీళ్ళు వెనక్కి జరిగాయి. ఇంకో అడుగు వేసింది, ఇంకో అడుగు జరిగాయి. పరిగెత్తింది. సముద్రం అంత దూరమూ వెనక్కి పోయింది. కట్టేసి ఉన్న పడవలన్నీ బురదలో ఒరిగాయి.

"నోలీన్, ఏమనుకోకు, కాస్త పైకి వెళ్ళవా?" అని అరిచాడు చేపల డూగల్. అంతలో వాడికే ఏదో తట్టింది. "ఉండుండు, వెళ్ళకు! ఎలాగూ పడవ అడుగు బయటపడింది. ఓ గంట అలాగే నిలబడు, నాచు గీకేసుకుంటా."

అప్పట్నుంచీ మా బేలో ఎవరి పడవకి అడుగు గీకాలన్నా, రంగు వెయ్యాలన్నా నోలీన్‌కి కబురెళ్తుంది. మడత కుర్చీ వేస్తారు, ఫ్లాస్కులో టీ ఇస్తారు, ఆల్చిప్పల మాంసం కూరిన స్కాలప్ పై తెచ్చిపెడతారు. మనుషులు చెడ్డవాళ్ళేం కాదు.

"ఎందుకు పోతావే వాళ్ళు పిలవగానే?" అన్నాడు క్లెమ్.

"పడవల దగ్గరికి ఇంకెలా పోనయ్యా?" అంది.

మొన్న మార్చిలో హోబర్ట్ పట్నం నుంచి ఒక పళ్ళ డాక్టరు పడవ వేసుకుని వచ్చాడు. కొట్టుకుపోయిన పడవ ఏదో వేలంలో దొరికిందట. తేనె రంగు మీద తెల్ల రంగు కొట్టించాడు. పేరు మాత్రం మార్చలేదు. వినిఫ్రెడ్.

నోలీన్ ఒడ్డుకి నడిచింది, నీళ్ళు తప్పుకున్నాయి, పడవ ఆవిడ పక్కనే బురదలో ఒరిగింది. డాక్టరు అడుగుకి రంగు వేసుకున్నంత సేపూ ఆవిడ పలక మీద అరచెయ్యి వేసి కూర్చుంది.

"పడవలంటే ఇష్టమాండీ మీకు?" అన్నాడాయన.

"ఇష్టమే."

"అయితే ఇలాంటిదొకటి పెట్టుకోవాలండీ మీరు. జీవితంలో ఒక్కసారైనా." బ్రష్షు తుడుచుకుని, డబ్బా మూత బిగించి, ఆయన నవ్వాడు. "చాలా థాంక్సండీ. రంగు ఆరిపోయింది. ఇక మీరు వెళ్తే నీళ్ళొస్తాయి."

నోలీన్ కుర్చీ మడిచి చంకన పెట్టుకుని కొండెక్కింది.