పిలవని ముద్ద

డోషిమాకు అత్తవారి యొరుబా భాషలో వచ్చినవన్నీ అన్నం మాటలే. అంతకు మించి ఒక్క ముక్క రాదన్నమాట. ‘ఓమి’ అంటే నీళ్లు. ‘ఎబి న్ పా మి’ అంటే ఆకలి చంపేస్తోంది. ‘ఎ వా జెవున్’ అంటే రండి, తినండి. టివ్ భాష మాట్లాడే వాళ్ల ఊరినుంచి తను నడిపే కందగడ్డల లారీలో తెచ్చుకున్న పెళ్లానికి దారి పొడుగునా అకన్నీ నేర్పినవి అవే. “ముందు కడుపు భాష నేర్చుకో. మిగతాది మా అమ్మ చూసుకుంటుంది” అన్నాడు.

రెండు నెలలు తిరక్కుండా ఆ లారీయే బోల్తా పడింది.

అకన్నీని పాతిపెట్టిన రోజు తల్లి అబేకే ఇల్లు కదల్లేదు. కన్నవాళ్లు బిడ్డ గోతిని చూడకూడదని ఇబాదాన్‌లో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఆ రోజునుంచి గుమ్మం పక్కన చాప మీదే ఉంది. నోట్లోకి ముద్ద పోదు, నోట్లోంచి మాట రాదు. ఇవాళ ఆరో రోజు.

పొద్దున్నే పక్కింటి సిదికాతు వచ్చి, సంతలో అందరూ మాట్లాడే కలగూర ఇంగ్లీషులో డోషిమాను కేకలేసింది.

“ఏమ్మాయ్, ఇంకో రెండ్రోజులు ఇలాగే ఉంటే ఈవిడా కొడుకు వెనకాలే పోతుంది. నా కోడికూర చూసి మొహం తిప్పేసుకుంది. ఇరవై ఏళ్లనుంచి తింటున్న మా ఆయన కూడా అంత గట్టిగా తిప్పలేదు! ఇవాళ నువ్వు వండు.”

“నాకు అమాలా చేయడం రాదు ఆంటీ.”

“చెయ్యడం రాకపోతే చెడగొట్టడం వచ్చుగా. కానీ!”

అమాలా చేయడమంటే అమ్మలా చేయడమే, ఓపిక కావాలి. మరిగే నీళ్లలో కందగడ్డ పిండి కొంచెం కొంచెంగా పోస్తూ కర్రతో తిప్పుతూనే ఉండాలి. డోషిమా పిండంతా ఒక్కసారే కుమ్మరించింది. ముద్ద కావలసింది కాస్తా ఉండలు కట్టింది.

పళ్లెంలో అమాలా పెట్టి, పైన జిగురాకు పులుసు పోసి అత్త ముందు ఉంచింది. అబేకే గోడవైపు తిరిగింది. డోషిమా అలాగే కూర్చుంది. నిన్నటినుంచి తనూ ఏమీ తినలేదు. పులుసు వాసనకు కళ్లు తిరిగాయి. చేయి తనంతట తనే పళ్లెంలోకి వెళ్లింది.

“ఏయ్!”

తుప్పు పట్టిన తలుపులా కిర్రుమంది అబేకే గొంతు. “మనిషి ఎదురుగా ఉంటే పిలవకుండా తింటావా? నా కొడుకు నేర్పింది ఇదా నీకు? పెళ్లానికి మర్యాద నేర్పకుండా పోయాడని రేపు వాణ్ణి ఆడిపోసుకోరూ?”

గుమ్మంలో నిలబడ్డ సిదికాతు గబగబా ఆ మాటలన్నీ మార్చి చెప్పింది. డోషిమా నోట్లోని ముద్ద ఎలాగో మింగింది.

“ఎ వా జెవున్, అమ్మా” అంది.

చివర కాస్త సాగదీసింది. అకన్నీ అలాగే సాగదీసేవాడు. అబేకే కళ్లు మూసుకుంది.

“నీ ముద్ద మంచి చోటికి చేరాలి, తల్లీ” అంది మెల్లగా.

సిదికాతు నిట్టూర్చింది. తినమని పిలిస్తే వద్దనడానికి అందరూ అనే మాటే అది. కానీ అకన్నీ పెళ్లానికి పిలవడమే నేర్పాడు, జవాబు నేర్పలేదు. అత్త సరేనందనుకుంది డోషిమా. చేతులు కడుక్కునే గిన్నె తెచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులతో ముందుకు చాచింది. అసలు అర్థం చెప్పబోయిన సిదికాతు నోరు మూసుకుంది.

అబేకే గిన్నెలో నీళ్లవంక చూసింది. తర్వాత చేయి ముంచింది.

“ఉండలు కట్టింది” అంది, మొదటి ముద్ద మింగి. “రేపు పిండి పోసేటప్పుడు నన్ను పిలవమను, సిదికాతూ.”

మూడో ముద్ద నోటిదాకా రాలేదు. ఆరు రోజులుగా రాని ఏడుపు అబేకేకు అప్పుడొచ్చింది. డోషిమా బిక్కమొహం వేసింది. ఓదార్పు మాటలు అకన్నీ నేర్పలేదు. ఉన్నవాటిలోనే వెతుక్కుని, నీళ్ల గ్లాసు అత్త చేతికి అందించింది.

“ఓమి” అంది.