రెండువందల పదిహేడో లాంపు

మా ఆయన రఘువీర్‌కు పాత ఇనుము పిచ్చి. ఢిల్లీ పక్కన ఇందిరాపురంలోని మా ఫ్లాట్‌లో కాలు పెట్టడానికి చోటు లేదు గానీ, ప్రెషర్ గేజీతో చేసిన దీపం ఒకటి, కుట్టుమిషను చక్రంతో చేసినది ఇంకొకటి. మొన్న అక్టోబరులో ఢిల్లీ షాపు నుంచి బొగ్గుబాయిలో కార్మికులు పట్టుకెళ్ళే ఇత్తడి లాంపు తెచ్చాడు. వత్తి పీకేసి లోపల బల్బు పెట్టారు.

"వింటేజ్, ఉమా! మీ బాపు చేసింది బాయి పనే కదా, నీకు నచ్చుతుంది," అన్నాడు.

ఆయన ఎదుట నేను ఒప్పుకోలేదు గానీ, తుడిస్తే బాగానే మెరిసింది. అడుగున 217 అని గుద్ది ఉంది.

వారం తిరక్కుండా దాని తిక్క బయటపడింది. నవంబరు పొగకు పగలే లైట్లు వేసుకునే ఊరు మాది. రోజూ మధ్యాహ్నం మూడున్నరకు ఆ లాంపు ఒక్కటే ఆరిపోయేది. సొసైటీ ఎలక్ట్రీషియన్ రెండుసార్లు వచ్చి, "వైరింగ్ ఠీక్ హై, దీదీ," అని తల గోక్కుంటూ పోయాడు. నాకు భయం పట్టుకుంది. చెబితే నవ్వుతారని నోరు మూసుకున్నాను.

అప్పుడే కంటి ఆపరేషన్ కోసం మా బాపు దశరథ్ ఊరి నుంచి వచ్చాడు. ముప్పై ఏళ్ళు బాయి పైన లాంపు రూములో గుమాస్తాగా చేశాడు. లోపలికి దిగేవాడు తన నంబరు బిళ్ళ ఇచ్చి అదే నంబరు లాంపు తీసుకోవాలి. తిరిగొచ్చి లాంపు ఇస్తేనే బిళ్ళ. కొక్కానికి బిళ్ళ వేలాడుతుంటే మనిషి ఇంకా లోపలున్నట్టు.

వచ్చిన మర్నాడు టీ తాగుతుండగా లాంపు ఆరింది. బాపు దాన్ని కంటి దగ్గరగా పట్టుకుని నంబరు చూశాడు. పక్కనున్న సొట్టను బొటనవేలితో తడిమాడు.

"ఈ సొట్ట నా చేతుల్లనే పడ్డది. ఇది ఓదెలు లాంపు, బిడ్డా."

"ఓదెలు అంటే, లేచిపోయాడే, ఆయనా?"

"యాడికీ పోలే. ఆ పొద్దు మూడున్నరకు లోపల ఆయన లాంపు ఆరిపోయింది. గ్యాసు అంటుకుంటదని బాయిల ముట్టియ్యద్దు, పైకి పంపాలె. షిఫ్టు ఇడిసే యాళ్లకు ఎవలో తెచ్చి బల్ల మీద పెట్టిన్రు. ముట్టిచ్చి మళ్ల పంపాలన్న సోయి నాకు లేదు. ఓదెలే పైకొచ్చిండనుకొని కొక్కానికున్న బిళ్ల తీసి, వచ్చినట్టు రిజిస్టర్ల రాసిన. గంటకు లోపల కప్పు కూలింది. కొక్కాలకు ఒక్క బిళ్ల లేదు. ఎవలు లేరని ఆ దారి మూసేసిన్రు."

"నీకెప్పుడు తెలిసింది?"

"తెల్లారి. ఓదెలు పెండ్లాం మధునమ్మ అడగొచ్చింది. నౌకరి పోతదని రిజిస్టర్ చూపిచ్చిన. పైకొచ్చిండమ్మా, ఎటు పోయిండో అన్న." లాంపు బల్ల మీద పెట్టి, "అప్పటికి లోపల బతికే ఉన్నడేమో," అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ముసలివాడు, కన్నతండ్రి అని కూడా చూడలేదు. ఓదెలు ఎవతెనో తీసుకుని పోయాడని ఊరంతా ముప్పై ఎనిమిదేళ్ళు నవ్వింది. చిన్నప్పుడు నేనూ నవ్వాను.

"ఆమె బతికుండగానే చెప్పు, బాపూ. ఇప్పుడే," అన్నాను.

ఊళ్ళో ఉన్న మా మేనత్తనడిగి మధునమ్మ ఫోన్ నంబరు తీసుకుని, స్పీకరు పెట్టాను. బాపు ఏదీ దాచకుండా చెప్పాడు. తిడుతుందనుకున్నాం. శాపాలు పెడుతుందనుకున్నాం.

"అంటే ఎవ్వలతోని పోలేదా?" అంది మధునమ్మ.

"పోలేదు, చెల్లె."

"బతికే ఉన్నడనుకున్న గదా. యేటా పెత్రమాసకు మా ఇంట్ల సచ్చిపోయినోళ్లందరి పేరు మీద బియ్యమిచ్చిన. ఆయన ఒక్కనికే ఇయ్యలే. ఇన్నేండ్లు ఉపాసమే ఉన్నడా, అన్నా?"